ఓడల కొలతలు: ఒకే ఓడ, అనేక టన్నులు

ఓడ ఎంత పెద్దదో ఒక్క అంకెలో చెప్పడం కుదరదు. 200 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు ఉండి, నిండు సరుకుతో 12 మీటర్ల లోతున మునిగి నడిచే సరుకుల ఓడను ఒకదాన్ని ఊహించుకుందాం. బొగ్గు, ఎరువులు, ఖనిజాలు మోసే ఇలాంటి ఓడలు ప్రపంచమంతటా ఉన్నాయి, మన విశాఖపట్నం రేవుకూ వస్తుంటాయి. ఇది 63 వేల టన్నుల ఓడ అంటే నిజం. 52 వేల టన్నుల ఓడ అన్నా నిజమే. భద్రతా చట్టాలు అమలు చేసే అధికారి కాగితాల్లో ఇది 30 వేలు, పన్ను లెక్కల్లో సుమారు 16 వేలు, పాత ఇనుము కింద కొనేవారికి 11 వేలు. ఈ అయిదింటిలో ఏదీ తప్పు కాదు, ఒకదాని పని మరొకటి చేయలేదు. కొన్ని బరువులు, కొన్ని ఘనపరిమాణం నుంచి వచ్చినవి. అన్నింటినీ 'టన్ను' అనే పిలవడం వల్లే చదివేవారికి తికమక. ప్రతి కొలతా ఎవరో అడిగిన ఒక ప్రశ్నకు జవాబు. ఆ జవాబు మీద సుంకమో చట్టమో ఆధారపడిన నాటి నుంచి ఓడ కట్టేవారు ఓడ రూపాన్నే దానికి తగ్గట్టు మలుచుకుంటూ వచ్చారు. ఓడల కొలతల చరిత్రంతా ఈ రెండు సత్యాల చుట్టూ తిరుగుతుంది.

పీపా నుంచి పుట్టిన టన్ను

ఆంగ్లంలో టన్ను అన్న మాట మొదట బరువు కాదు, ద్రాక్షసారా పీపా పేరు. మధ్యయుగాల్లో ఫ్రాన్సులోని బోర్డో నుంచి ఇంగ్లండుకు సాగిన ద్రాక్షసారా వ్యాపారంలో 'టన్' అంటే 252 గ్యాలన్లు పట్టే పెద్ద పీపా, అంటే సుమారు 950 లీటర్లు. ఓడ ఎన్ని పీపాలు మోయగలదో అదే దాని టన్నేజి. రాజు సుంకమూ పీపాల లెక్కనే. నిండు పీపా బరువు 2,240 పౌన్ల దరిదాపుల్లో ఉండేది కనుక అదే పేరు బరువుకూ స్థిరపడింది. అలా ఒకే మాట చోటునూ బరువునూ రెండింటినీ మోయసాగింది. తెలుగువారికి ఈ తరహా మాట కొత్త కాదు. మన పాత కొలతల్లో 20 తూములు ఒక పుట్టి. అది ధాన్యాన్ని కొలిచే ఘనమానం. ప్రాంతాన్ని బట్టి తూకానికీ పుట్టి అనే అన్నారు, అన్ని గింజలు చల్లగల నేలనూ పుట్టెడు నేల అన్నారు. ఒక్క మాటకు మూడు అర్థాలున్నా రైతు పొరబడలేదు, ఎందుకంటే ఏ సందర్భంలో ఏది అడుగుతున్నారో అతనికి తెలుసు. ఓడల టన్నుల విషయంలోనూ చేయాల్సింది అదే: అంకె చూడగానే అది ఏ టన్నో అడగడం.

భారతీయ సంప్రదాయంలో ఓడల వర్గీకరణ పొడవు, వెడల్పు, ఎత్తుల మీద నడిచింది. భోజుడి పేర వెలిసిన 'యుక్తికల్పతరువు' ఓడలను సామాన్య, విశేష అని విడదీసి, విశేష నౌకల్లో పొడవు ప్రధానమైనవాటిని దీర్ఘ అనీ, ఎత్తు ప్రధానమైనవాటిని ఉన్నత అనీ అంటుంది. వడ్రంగికి కావలసిన కొలత అది. పీపాల లెక్క సుంకం వసూలు చేసేవాడికి కావలసినది. ప్రశ్న మారితే కొలత మారుతుందనడానికి ఇంతకంటే పాత ఉదాహరణ అక్కర్లేదు.

నీరు తూచే బరువు

ఓడను ఏ తక్కెడలోనూ పెట్టలేం. కానీ నీరే తక్కెడ. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువున్న నీటిని పక్కకు తోస్తుందని ఆర్కిమెడిస్ చెప్పిన సూత్రమే ఇక్కడ ఆధారం. మన ఊహా ఓడ నీటిలో మునిగిన మేర ఒక పెట్టె అనుకుంటే 200ను 32తోనూ 12తోనూ గుణించాలి. 76,800 ఘనమీటర్లు వస్తుంది. కానీ ఓడ పెట్టె కాదు, ముందూ వెనకా సన్నబడుతుంది. ఇలాంటి ఓడ ఆ పెట్టెలో 80 శాతం నింపుతుందనుకుంటే 61,440 ఘనమీటర్లు. సముద్రపు నీరు ఘనమీటరుకు 1.025 టన్నులు తూగుతుంది కనుక తోసిన నీటి బరువు సుమారు 63 వేల టన్నులు. ఇదే స్థానభ్రంశం, వాడుకలో డిస్‌ప్లేస్‌మెంట్. ఇందులో ఓడ సొంత ఉక్కు, యంత్రాల బరువు 11 వేల టన్నులనుకుంటే మిగిలిన 52 వేలు సరుకు, ఇంధనం, మంచినీరు, సామగ్రి, మనుషులు. మోయగల ఈ బరువును డెడ్‌వెయిట్ అంటారు. ఓడను కిరాయికి తీసుకునే వ్యాపారికి కావలసింది ఇదే. విశాఖలోని సింధియా నౌకా నిర్మాణ కేంద్రంలో కట్టగా 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించిన 'జల ఉష'ను 8 వేల టన్నుల ఓడ అన్నప్పుడు ఆ టన్నులు డెడ్‌వెయిట్‌వే. ఓడ ఆయుష్షు తీరి గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరినప్పుడు మాత్రం డెడ్‌వెయిట్‌కు విలువ లేదు. అక్కడ బేరం ఖాళీ ఓడ సొంత బరువు మీదే.

ఈ తూకం ఎంత సూక్ష్మంగా జరుగుతుందో సరుకు దిగే రేవులో చూడవచ్చు. ఓడ ముందు, నడుమ, వెనక, రెండు వైపులా కలిపి ఆరు చోట్ల అంకెలు చెక్కి ఉంటాయి. మెట్రిక్ పద్ధతిలో ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, అంకె అడుగు అంచుకు నీరు తగిలితే ఆ అంకె చెప్పినంత లోతు మునిగినట్టు. సర్వేయరు చిన్న పడవలో ఓడ చుట్టూ తిరిగి, అల లేచి పడే మధ్య స్థాయిని కాసేపు గమనించి, ఆరు చోట్లా లోతు రాసుకుంటాడు. ఓడ పక్కనున్న నీటిని చిన్న బకెట్టుతో తోడి, అందులో హైడ్రోమీటరు వేసి సాంద్రత చూస్తాడు. ఓడ నడుమ కుంగిందో ఉబ్బిందో లెక్కలోకి తీసుకుని, తేలిన మొత్తం బరువులోంచి ఓడ సొంత బరువునూ ట్యాంకుల్లోని ఇంధనాన్నీ నీటినీ తీసివేస్తే మిగిలేది సరుకు. మన ఊహా ఓడ ఒక్క సెంటీమీటరు మునగాలంటే దాదాపు 58 టన్నులు కావాలి. అంటే చదవడంలో ఒక సెంటీమీటరు తేడా వస్తే రెండు లారీల బొగ్గు లెక్క తప్పినట్టే. కోట్ల రూపాయల బేరం ఆ పడవలో కూర్చున్న మనిషి కంటిచూపు మీద, నిజాయితీ మీద నిలుస్తుంది.

ప్రాణాలకు గీసిన గీత

ఎంత బరువు మోయగలదన్న ప్రశ్న పక్కనే మరో ప్రశ్న ఉంది: ఎంత మోస్తే నావికుడు క్షేమంగా ఇల్లు చేరతాడు? 19వ శతాబ్దపు బ్రిటన్‌లో మితిమీరిన సరుకుతో బయల్దేరి మునిగిపోయే ఓడల మీద పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్‌సాల్ పెద్ద పోరాటం చేశాడు. ఫలితంగా 1876లో వచ్చిన చట్టం ప్రతి ఓడ పక్కనా లోడు గీత ఉండాలంది. అయితే ఆ గీత ఎక్కడ గీయాలో యజమాని ఇష్టానికే వదిలేసింది. ఆ లోపాన్ని 1890 చట్టం సరిదిద్దింది. 1930లో, మళ్లీ 1966లో అంతర్జాతీయ ఒప్పందాలు ఈ గీతను ప్రపంచానికంతటికీ వర్తింపజేశాయి. నేడు ఓడ నడుమ కనిపించే వలయం, దాన్ని అడ్డంగా కోసే గీత, పక్కనే నిచ్చెన మెట్ల లాంటి చిన్న గీతలు ఆ పోరాటపు గుర్తులే. నీటి నుంచి మేలుతట్టు (డెక్) వరకు మిగిలే ఎత్తును ఫ్రీబోర్డ్ అంటారు. తుపానులో ఓడను నిలబెట్టే నిల్వ బలం అదే.

ఆ చిన్న గీతలు ఒకే ఓడకు రుతువును బట్టి, నీటిని బట్టి వేర్వేరు పరిమితులు పెడతాయి. మంచినీరు సముద్రపు నీటికంటే తేలిక కనుక మన ఊహా ఓడ నదిలో సుమారు 27 సెంటీమీటర్లు ఎక్కువ మునుగుతుంది. అందుకే మంచినీటి గీత పైన ఉంటుంది. బంగాళాఖాతంలో డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఉష్ణమండల గీత వర్తిస్తుంది. మే 1 నుంచి నవంబరు 30 వరకు దానికి దిగువనున్న వేసవి గీతే హద్దు. ఈ రెండింటి మధ్య దూరం వేసవి గీత దగ్గరి మునకలో 48వ వంతు. 12 మీటర్లు మునిగే ఓడకు అది 25 సెంటీమీటర్లు, బరువులో 1,400 టన్నులకు పైమాటే. ఏప్రిల్ నెలాఖరున తీసుకెళ్లగలిగిన ఆ సరుకును మే మొదట్లో అదే ఓడ, అదే సముద్రంలో వదులుకోవలసి వస్తుంది. మన తీరం వారికి ఎందుకో చెప్పనక్కర్లేదు. మే నుంచి నవంబరు వరకు ఈ సముద్రం ఎలాంటి తుపాన్లు లేపుతుందో తెలిసిన అనుభవమే ఆ తేదీల్లో ఇమిడి ఉంది.

చోటును కొలిచే టన్నులు

సుంకం వసూలు చేసే ప్రభుత్వానికి బరువు కొలత చిక్కు తెచ్చిపెడుతుంది, ఎందుకంటే అది లోడుతో పాటు మారుతుంది. కాగితం మీద ఒక్కసారి రాస్తే నిలిచిపోయే అంకె కావాలి. దానికోసం బ్రిటన్ 1773లో ఒక సూత్రాన్ని చట్టం చేసింది: పొడవు నుంచి వెడల్పులో అయిదింట మూడు వంతులు తీసి, మిగిలినదాన్ని వెడల్పుతో, వెడల్పులో సగంతో గుణించి, 94తో భాగించాలి. లోతు కొలిచే పనే లేదు, వెడల్పులో సగమే లోతని అనుకున్నారు. 100 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉన్న ఓడకు ఇది సుమారు 283 టన్నులు ఇస్తుంది. వెడల్పు 22 అడుగులకు తగ్గిస్తే 223 టన్నులే. పోయిన చోటును లోతు పెంచి తిరిగి తెచ్చుకోవచ్చు, దానికి సుంకం లేదు. యజమానులు సహజంగానే ఇరుకైన, లోతైన, సముద్రంలో ఒక పక్కకు ఒరిగే స్వభావమున్న ఓడలు కట్టించుకున్నారు. సూత్రంలో ఒక కొలత వదిలేసినందుకు మూల్యం చెల్లించింది ఆ ఓడలెక్కిన నావికులు.

1854లో జార్జ్ మూర్సమ్ పద్ధతి చట్టమైంది. ఓడ లోపలి చోటును అంతటా కొలిచి, ప్రతి 100 ఘనపుటడుగులను, అంటే 2.83 ఘనమీటర్లను, ఒక రిజిస్టర్ టన్నుగా లెక్కకట్టడం అందులోని పద్ధతి. ఆ 100 ఊరికే ఎంచుకున్నది కాదు. అప్పటి బ్రిటిష్ ఓడల మొత్తం చోటును వాటి పాత టన్నులతో భాగిస్తే టన్నుకు దాదాపు 98 ఘనపుటడుగులు వచ్చాయి. పాత అంకెలు పెద్దగా తలకిందులు కాకూడదని దాన్ని 100కు సరిచేశారు. ఇది ఎంతో మెరుగైన పద్ధతి. అయినా శాశ్వతంగా మూయని చోటును లెక్కలోంచి మినహాయించడంతో కొత్త దారి తెరుచుకుంది. మేలుతట్టులో ఒక రంధ్రం ఉంచి, దాన్ని చెక్కలతో తాత్కాలికంగా కప్పితే ఆ కిందనున్న అంతస్తంతా 'తెరిచిన చోటు' అయిపోయేది. అక్కడ సరుకు నింపుకోవచ్చు, సుంకం పడదు. నీరు చొరబడకుండా బిగించాల్సిన చోట సుంకం కోసం బిగించకుండా వదలడమన్నమాట. షెల్టర్ డెక్ ఓడలు అనే తరగతి పుట్టి దశాబ్దాల తరబడి నిలిచింది ఈ మినహాయింపు అండతోనే.

ఈ గందరగోళానికి ముగింపు పలకడానికి 1969 జూన్ 23న లండన్‌లో ఓడల టన్నేజి కొలతపై అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 1982 జూలై 18న అమల్లోకి వచ్చింది, పాత ఓడలకు 1994 జూలై 18 దాకా గడువిచ్చింది. దీని ప్రకారం మూసిన చోటంతా ఘనమీటర్లలో కొలిచి, దాన్ని ఓడ పరిమాణంతో కొద్దికొద్దిగా పెరిగే ఒక గుణకంతో హెచ్చిస్తారు. 10,000 ఘనమీటర్లకు గుణకం 0.28, లక్ష ఘనమీటర్లకు 0.30. మన ఊహా ఓడ మొత్తం చోటు లక్ష ఘనమీటర్లనుకుంటే గ్రాస్ టన్నేజి 30,000. నెట్ టన్నేజి సరుకు గదుల చోటు, మునిగే లోతు, ప్రయాణికుల సంఖ్యలను బట్టి వస్తుంది, గ్రాస్‌లో 30 శాతానికి తగ్గకూడదు. ఓడ సంపాదనా శక్తికి అది గుర్తు. 2004 నుంచి మన దేశంలో ఉన్న టన్నేజి పన్ను పద్ధతిని ఎంచుకున్న కంపెనీకి అసలు లాభం ఎంతన్నదానితో పని లేదు, నెట్ టన్నేజి మీద రోజుకింత ఆదాయమని లెక్కగడతారు. భద్రతా నియమాలకు గ్రాస్ టన్నేజి గడప. కాలుష్య నివారణ ఒప్పందంలో 400, సరుకుల ఓడల భద్రతా నియమాల్లో చాలావాటికి 500 అన్న హద్దులు దీని మీదే గీశారు.

దారి పెట్టే హద్దులు

బరువూ చోటూ ఎంతైనా, కాలువలో పట్టకపోతే ఓడకు దారి లేదు. మన ఊహా ఓడ వెడల్పు 32 మీటర్లు కావడానికి కారణముంది. పనామా కాలువ పాత గేట్ల వెడల్పు 33.53 మీటర్లు, వాటిలో పట్టే ఓడకు హద్దు 32.31 మీటర్ల వెడల్పు, 294 మీటర్ల పొడవు, అక్కడి మంచినీటిలో 12.04 మీటర్ల మునక. వందేళ్లపాటు ప్రపంచపు ఓడల నమూనాలను ఆ గేటు శాసించింది. 2016లో 55 మీటర్ల వెడల్పున్న కొత్త గేట్లు తెరిచాకే ఆ పట్టు సడలింది. 2021 మార్చిలో 400 మీటర్ల పొడవున్న 'ఎవర్ గివెన్' సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు కదలనప్పుడు, ఓడ పొడవు కాలువ వెడల్పును మించితే ఏమవుతుందో లోకమంతా చూసింది. మన తీరంలో అసలు హద్దు లోతు. హుగ్లీ నదిలో హల్దియాకు వెళ్లే బొగ్గు ఓడలు కొంత సరుకును విశాఖలోనో పారదీప్‌లోనో దించి, పైకి తేలి, అప్పుడు నదిలోకి వెళ్లడం మామూలే. కాకినాడ లంగరు రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా ఆగితే బియ్యపు బస్తాలు బార్జీల్లో వాటి దగ్గరికి వెళతాయి. ఓడకూ రేవుకూ మధ్య చివరి మాట నీటి లోతుదే.

రెండు అభ్యంతరాలు

ఇన్ని కొలతలెందుకు, బరువొక్కటీ చాలదా అన్న అభ్యంతరం సహజం. బరువు భౌతిక సత్యం కదా అని అడగవచ్చు. రెండు ఓడలను పోల్చి చూస్తే జవాబు దొరుకుతుంది. ఇప్పటిదాకా కట్టిన ఓడల్లో అతి పొడవైన 'సీవైజ్ జెయంట్' చమురు ఓడ గ్రాస్ టన్నేజి సుమారు 2.6 లక్షలు, ప్రయాణికుల ఓడ 'ఐకాన్ ఆఫ్ ది సీస్'ది 2,48,663. చోటు లెక్కలో రెండూ దాదాపు సమానం. కానీ మొదటిది 5,64,763 టన్నుల డెడ్‌వెయిట్‌తో నిండితే 24.6 మీటర్లు మునిగేది. రెండోది 9 మీటర్ల చిల్లరే మునుగుతుంది. రేవు లోతు తెలుసుకోవలసినవాడికి గ్రాస్ టన్నేజి పనికిరాదు, వేలమంది ప్రయాణికుల భద్రతకు నియమాలు రాసేవాడికి డెడ్‌వెయిట్ పనికిరాదు. పైగా బరువు కూడా ఒప్పందాలకు అతీతం కాదు. 1922 వాషింగ్టన్ నౌకా ఒప్పందం ప్రధాన యుద్ధనౌకలకు 35 వేల టన్నుల హద్దు పెట్టినప్పుడు, ఆ లెక్కలో మందుగుండు చేర్చి ఇంధనాన్నీ బాయిలర్ల నిల్వ నీటినీ మినహాయించారు. దూరతీరాలకు నౌకలు పంపాల్సిన దేశం నష్టపోకూడదన్నది అందులోని ఆలోచన. బరువులో ఏది చేర్చాలన్నది కూడా మనుషులు కూర్చుని తేల్చుకున్న విషయమే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. గ్రాస్ టన్నేజి సూత్రంలో లాగరిథం ఉంది, ఫలితానికి ప్రమాణం లేదు. అది టన్నూ కాదు, ఘనమీటరూ కాదు. కొలత అంటే ఇదేనా అని అడిగేవారున్నారు. అయినా మూసిన చోటంతా లెక్కించడంతో రంధ్రాల మినహాయింపు అంతమైంది, గుణకం వల్ల కొత్త అంకెలు పాతవాటికి దగ్గరగా ఉండి రేవు రుసుములు ఒక్కసారిగా తారుమారు కాలేదు. స్పష్టతను కొంత వదులుకుని, మోసానికి తావు లేకుండా చేసుకున్నారు. ఆ బేరం సరైనదే అనిపిస్తుంది. కానీ అది సంపూర్ణం కాదు. మేలుతట్టు మీద పేర్చే కంటైనర్లు మూసిన చోటు కిందికి రావు కనుక, తక్కువ ఎత్తున్న ఓడ మీద ఎక్కువ కంటైనర్లు ఎక్కించడం లాభసాటి అయింది. 2005లో పనామా కాలువ కంటైనర్ ఓడలకు రుసుమును 20 అడుగుల కంటైనర్ల సంఖ్యకు మార్చింది. నిలకడ కోసం నింపే బ్యాలస్ట్ నీటికి, చమురుతో కలవకుండా, విడిగా ట్యాంకులున్న చమురు ఓడ సముద్రానికి మేలు చేస్తూ కూడా పెద్ద అంకె మోయాల్సి వచ్చింది. ఆ ట్యాంకుల మేరకు రుసుము తగ్గించమని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1993లో రేవులకు సూచించింది. నావికుల గదులు కూడా మూసిన చోటే. ఒక్కో గదిని కాస్త పెద్దది చేసినా గ్రాస్ టన్నేజి పెరుగుతుంది, ఓడ ఉన్నన్నాళ్లూ అడుగుపెట్టిన ప్రతి రేవులో దానికి రుసుము కట్టాలి. నెలల తరబడి ఇంటికి దూరంగా బతికే మనిషి నిద్రపోయే చోటుకు ఇనుప ఖనిజం పోసే చోటుతో సమానంగా సుంకం వేయడం ఈ కొలతలోని అన్యాయం. నావికుల గదులను లెక్కలోంచి తప్పిస్తే మళ్లీ మినహాయింపుల తలుపు తెరుచుకుంటుందన్న భయం నిరాధారం కాదు. అయితే చమురు ఓడల విషయంలో అంకెను ముట్టుకోకుండా రుసుమును మాత్రమే తగ్గించే మార్గం దొరికింది. సముద్రపు శుభ్రతకు పనికొచ్చిన ఆ మార్గం మనిషి గదికీ పనికొస్తుంది.

1773 సూత్రం లోతును వదిలేస్తే ఓడలు ఇరుకయ్యాయి. 1854 చట్టం తెరిచిన చోటును వదిలేస్తే ఓడలకు రంధ్రాలు పడ్డాయి. 1969 ఒప్పందం మూసిన చోటంతా లెక్కిస్తే ఎత్తు తగ్గింది, గదులు ఇరుకయ్యే ఒత్తిడి పెరిగింది. డబ్బు కోసం పుట్టిన ప్రతి కొలతా ఓడను ఏదో ఒక వైపు నొక్కింది. ఆ ఒత్తిడికి ఎదురు నిలవడానికి పుట్టినది ఓడ పక్కనున్న ఆ వలయం, గీత. సరుకు ఎంత విలువైనదైనా తన పైకి నీరు రాకూడదని ఆ గీత చెబుతుంది. కొత్త కొలత ఏది తెచ్చినా, పాతదాన్ని ఎలా సవరించినా, దాని వల్ల ఆ గీత మీద, ఆ ఓడలోని మనుషుల మీద ఏ బరువు పడుతుందో ముందు చూడాలి. మిగిలిన టన్నులన్నీ ఆ తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.